దరఖాస్తుదారు బతికే ఉంది

మోటారు సైకిల్ చప్పుడు ముందుగా వినిపించింది. వీధి మలుపులో సన్నగా మొదలై, మా ప్రహరీ పక్కకు వచ్చి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. తర్వాత గేటు గడియ. తర్వాత ఒక మగ గొంతు అడగడం, మా అత్త పుల్లమ్మ గొంతు బదులు చెప్పడం, మళ్ళీ మగ గొంతు, కాగితం తిరగేసిన అలికిడి. నేను వెనక గదిలో రాగి తీగ చుడుతున్నాను. నలభై ఆరు, నలభై ఏడు. లేచి వెళ్ళి చూద్దామనిపించింది. కాని కాయిలు మధ్యలో లేస్తే చుట్ల లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే మోటారు వేడెక్కుతుంది. మోటారు కాలితే ఎవరిదో చేను ఎండుతుంది. అందుకని కదలలేదు. యాభై రెండు, యాభై మూడు. బండి మళ్ళీ మొదలై, మలుపు దాటి, చెవికి అందకుండా పోయింది. అరవై నాలుగో చుట్టు దగ్గర తీగ తుంచి, కొసలు మెలివేసి, అప్పుడు బయటికొచ్చాను.

"ఎవరత్తా వచ్చింది?"

"ఎవరో ఆఫీసాయనలే. ఎప్పుడో పోయిన ముసలామెను అడుగుతుండాడు, ఇన్నేండ్లకు. పింఛనీల లెక్క తీస్తుండారేమో. పోయింది నాయనా అని చెప్పినా. వేలిముద్ర వెయ్యమంటే వేసినా."

చెప్పి, చేటలో కందులు చెరగడంలో పడిపోయింది. నేను లోపలికి వెళ్ళి ఇంకో కాయిలు మొదలుపెట్టాను. ఆ మోటారు సైకిలు మోసుకుపోయింది నా చావు కబురని నాకు పదకొండు రోజుల దాకా తెలియదు.

మా ఆయన వీరాంజనేయులుకు బేస్తవారిపేటలో మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. బోర్లను నమ్ముకుని బతికే నేల మాది. ఎండాకాలం వచ్చిందంటే నీళ్ళు లోతుకు దిగుతాయి, మోటార్లు ఒట్టిగా తిరిగి కాలిపోతాయి, కాలినవన్నీ షాపుకు చేరతాయి. విప్పడం ఆయన పని, బిగించడం ఆయన పని, డబ్బు తీసుకోవడం ఆయన పని. చుట్టడం నాది. పొద్దుటి రొట్టెలకూ మధ్యాహ్నపు కూరకూ మధ్య, మధ్యాహ్నపు అంట్లకూ సాయంత్రపు పాలకూ మధ్య, చుట్టు మీద చుట్టుగా నా రోజు రాగిరంగులో జారిపోతుంది. "అంజి చుట్టిన మోటారయితే రెండేండ్లు తిరిగి చూడబన్లేదు" అని రైతులు నా ఎదుటే మెచ్చుకుంటారు. ఆయన అవుననడు, కాదనడు. చిన్నగా నవ్వుతాడు. అవునన్నా నాకు అంత బాధ ఉండేది కాదేమో. నేను చుట్టానని ఒక్కసారి చెప్పొచ్చు గదా అని అడిగాను ఒకనాడు. "ఆడోళ్ళు చుట్టినారంటే ఎవడిస్తాడే మోటారు? ఇంట్లో ఊరికే కూచునేదానికి చేతికింత పని. దానిక్కూడా పేరు కావాల్నా?" అన్నాడు. ఊరికే కూర్చోవడం ఎలా ఉంటుందో ఒకసారి కళ్ళారా చూడాలని నాకు అప్పటినుంచీ కోరిక.

చూశాను. నిరుడు ఎండాకాలంలో మల్లి వచ్చినప్పుడు.

మల్లి కరెంటు ఆటో నడుపుతుంది. పొద్దున కూలీలను చేలకు దింపి, ఆ పైన బేస్తవారిపేట సరుకులు పల్లెలకు చేరవేస్తుంది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం బండిని నెట్టుకుంటూ మా గేటు దాకా వచ్చి, చెమట తుడుచుకోకుండానే అడిగింది.

"అక్కా, ఒక ప్లగ్గియ్యవా? బండి పడుకున్నాది. నెట్టి నెట్టి నేనూ పడుకునేట్టుండా."

మోటార్లను పరీక్షించే పెద్ద ప్లగ్గు నా గదిలోనే ఉంది. కిటికీలోంచి తీగ బయటికి అందించాను. పుల్లమ్మత్త చూసి ఊరుకోలేదు.

"ఇంట్లో కరెంటు వచ్చేపోయేటోళ్ళకు పోస్తావా, మజ్జిగ పోసినట్ల?"

"మజ్జిగ గూడా పొయ్యవ్వా, రెండిటికీ డబ్బులిస్తా," అంది మల్లి.

అత్త గొణుక్కుంటూనే లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. డబ్బు తీసుకోలేదు. మల్లి తాగి, మూతి తుడుచుకుని, అరుగు మీద తువ్వాలు పరుచుకుని పడుకుంది. మూడు గంటలు నిద్రపోయింది. నేను రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాను. నడి మధ్యాహ్నం, అత్త మెలకువగా ఉన్న ఇంటి ముందు, తలకు గుడ్డ కట్టుకోకుండా, జ్వరమని చెప్పకుండా, ఒక ఆడమనిషి నిద్రపోవడం పెళ్ళయిన ఈ పన్నెండేళ్ళలో నేను చూడలేదు. ఎవరూ లేపలేదు. లేపినా ఆమె చేయగలిగింది లేదు. "బండి నిండేదాకా నేను చేసేదేముందక్కా?" అంది లేచాక, ఆవులిస్తూ. ఆ మాట చాలా రోజులు నా వెంట తిరిగింది. యంత్రం అలిసిపోతే అది నిండేదాకా ఆగాలని అందరికీ తెలుసు. ఎవరూ దాన్ని సోమరిదనరు.

మరుసటి వారం ఇంకో ఆటో వచ్చింది. ఆ తర్వాత పార్సిళ్ళు పంచే ఒకాయన కరెంటు స్కూటరు మీద వచ్చాడు. ముగ్గురూ ఒకేసారి తగిలించిన రోజు ఇంట్లో ఫ్యూజు పోయింది, అత్త నోరు లేచింది. మల్లి తీగ చుట్టి నా చేతికిస్తూ అంది:

"ఈడనుంచి గిద్దలూరు దాకా ఎవరింటి ముందు ఆగాల్నో, ఎవరు తిడతారో తెలవదక్కా. నీళ్ళడిగితే ఎవరన్నా పోస్తారు. ప్లగ్గడిగితే మనిషిని కింద నుంచి పైదాకా చూస్తారు."

నాకొక జాగా ఉంది. గిద్దలూరు రోడ్డు పక్కన, కరెంటు స్తంభానికి ఇరవై అడుగుల దూరంలో, సజ్జ కూడా మొలవని ఐదు సెంట్ల రాతినేల. మా నాయన వెంకటస్వామి యర్రగొండపాలెం వైపు గొర్రెలు మేపుతాడు. పెళ్ళినాడు నాకని ఆయన ఇచ్చిన ఆరు గొర్రెలు నాతో రాలేదు. ఆయన మందలోనే ఉండి, ఈని, పెరిగాయి. కొన్నిటిని అమ్మి ఐదేళ్ళ కిందట ఆ జాగా నా పేరున రాయించాడు. మిగిలినవి నావిగానే మేస్తున్నాయి. వాటిని అమ్మి ఆ జాగాలో బండ్లకు కరెంటు ఎక్కించే పాయింట్లు పెడతానన్నాను. ఇల్లు గొల్లుమంది. మా ఆయన చేలో మూడు బోర్లు వేయించాడు. మూడూ దుమ్మే పోశాయి. దాన్ని అదృష్టం లేకపోవడం అన్నారు. నేను కళ్ళెదుట కరెంటు పారుతున్న స్తంభం పక్కన పెట్టుబడి పెడతానంటే దాన్ని తెలివి లేకపోవడం అన్నారు.

మా పాప పాత నోటుపుస్తకంలో నేను అన్నీ రాసి పెట్టాను. ఎంత లోడుకు ఎంత లావు తీగ కావాలో, ఒక ఆటో నిండడానికి ఎన్ని గంటలు పడుతుందో, ఏ వేళకు ఏ బండి ఆ దారిన పోతుందో. మా ఆయన తప్పులు వెతకడానికి తీసుకుని, చాలాసేపు చూశాడు.

"తీగ లావు సరిగ్గానే రాసినావే. ఎవరు చెప్పినారు?"

"పన్నెండేండ్లుగా నేను చుడుతుండేది ఏంది?"

ఆయన ఇంకో పేజీ తిప్పాడు. కాసేపటికి మొహం వెలిగింది. "సరే, పెట్టు. బండి నిండేదాకా వాళ్ళు ఊరికే కూచుంటారు గదా. టీ, బోండా పెట్టినామనుకో, దీనికంటే దాని మీదే ఎక్కువ వస్తాది."

"ఎవరు పెడతారు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వే గదా ఆడ ఉండేది."

ఆడది సంపాదించాలంటే ఏ దారిన పోయినా మధ్యలో ఒక పొయ్యి అడ్డం వస్తుంది కాబోలు. పాలు, పచ్చళ్ళు, ఇడ్లీలు, బోండాలు. చివరికి కరెంటు అమ్మినా పక్కన నూనె కాగాలి. నేను ఈ పని ఎంచుకున్నదే అది తనంతట తాను నడుస్తుందని. తీగ తగిలిస్తే ఎక్కుతుంది, నిండితే ఆగుతుంది. ఉప్పు చాల్లేదనదు. ఆ రోజే నోటుపుస్తకం చివరి పేజీలో జాగా బొమ్మ గీశాను. ఆరు పాయింట్లు, రేకుల నీడ, రెండు బెంచీలు, నీళ్ళ కుండ, లోపలి నుంచి గడియ ఉన్న మరుగుదొడ్డి. పొయ్యి గీయలేదు.

గొర్రెలు అమ్మాము. ఒంగోలులో మిషన్లు అమ్మేవాళ్ళు నెలాఖరు లోపల కరెంటు మంజూరు కాగితం చూపించాలన్నారు. చూపించకపోతే నా వంతు మిషన్లు వేరేవాళ్ళకు పోతాయి, మళ్ళీ ఎప్పుడు వస్తాయో చెప్పలేమన్నారు. జాగా పత్రాల్లో ఉన్నట్టు, ఆధారులో ఉన్నట్టు, నా అసలు పేరుతో కొత్త కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టాను. మనిషి వచ్చి విచారించి వెళ్తాడని చెప్పారు. ఆ మనిషి కోసం రోజూ ఎదురుచూశాను.

ఆ మోటారు సైకిల్ వచ్చిపోయిన పదకొండో రోజు, పప్పు పొయ్యి మీద ఉండగా ఫోనుకు సందేశం వచ్చింది. కొండమ్మ పేరున వచ్చిన దరఖాస్తు తిరస్కరించబడినది. కారణం: దరఖాస్తుదారు మరణించారు.

కొండమ్మ నేనే.

మూడుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే, మొదట నాకు హాయిగా అనిపించింది. వంటింటి గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. చనిపోయినదానికి ఇంకేం పని ఉంటుంది? పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. పోయినదాని పప్పు, అంటితే అంటింది. ముందుగదిలో నుంచి "నీళ్ళు" అన్న మాట వినిపించింది. పోయినవాళ్ళు నీళ్ళు తెస్తారా? గిన్నెలు బోర్లించి ఉన్నాయి, రాగి తీగ చుట్ట అలాగే ఉంది, పాప యూనిఫారం తీగ మీద ఆరుతోంది. అవేవీ నావి కావన్నట్టు, ఎవరో వదిలి వెళ్ళిన ఇల్లన్నట్టు చూశాను. ఒళ్ళంతా దూదిలా తేలికయింది. పన్నెండేళ్ళలో నాకు దొరికిన మొదటి సెలవు అది. పది నిమిషాలో పావుగంటో ఉండి ఉంటుంది.

తర్వాత తెలిసింది, పోయింది ఎవరో. జాగా ఉన్న కొండమ్మ పోయింది. గొర్రెలున్న కొండమ్మ, తీగ లావు తెలిసిన కొండమ్మ, నాయన నోట పిలుపుగా ఉన్న కొండమ్మ పోయింది. పప్పు గరిటె పట్టుకున్నది మాత్రం నిక్షేపంగా బతికే ఉంది. ఆమె పేరు సరళ. ఆమెను ఎవరూ చంపరు, ఆమెతో చాలా పని ఉంది. లేచి పొయ్యి ఆర్పాను. ముందుగదిలోకి వెళ్ళాను.

"అత్తా, ఆ పొద్దు ఆఫీసాయన వచ్చి అడిగిన ముసలామె ఎవరు?"

"ఇంకెవరు? మా అత్త."

"నన్ను గదా అడిగింది!"

అత్త చేతిలో నీళ్ళ చెంబు ఆగిపోయింది. ఆమె కళ్ళలో మొదట ఏమీ తెలియని అయోమయం, ఆ వెనక ఒక్కటొక్కటిగా తలుపులు తెరుచుకున్నట్టు గుర్తుకు రావడం, రెండూ చూశాను. "అయ్యో తల్లీ," అంది. "నీకు ఆ పేరుండాదనే మరిచిపోయినా."

మరిచిపోవడానికి కారణం ఉంది. మా అత్తకు అత్త పేరు కూడా కొండమ్మే. ఇంటి పేరూ అదే, ఊరూ అదే. ఆమె పోయి పద్దెనిమిదేళ్ళయింది. అత్త పేరు కోడలు నోట పలకకూడదు. పుల్లమ్మత్త ఈ నియమాన్ని ఎంత దూరం పాటించిందంటే, చుట్టూ నల్లమల కొండల మధ్య పుట్టి పెరిగి కొండను కొండ అనదు, గుట్ట అంటుంది. ఏడుకొండలవాడిని తిరపతి సామి అంటుంది. పెళ్ళయి మేము గడప దగ్గర నిలబడినప్పుడు, పేర్లు చెప్పి లోపలికి రమ్మని మా ఆడబిడ్డ దారి అడ్డుకుంది. ఆయన నవ్వుతూ "నేనూ, కొం" అన్నాడో లేదో, అత్త ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దురా, మీ జేజి పేరు. పొద్దస్తమానం ఆమెను పిలిచి గిన్నెలు తోమమన్నట్టుంటాది." ఏం పిలుద్దామన్నారు. ఆడబిడ్డ తన బడిలో టీచరమ్మ పేరు చెప్పింది. సరళ. గడప బయట కుడికాలు ఎత్తినదాన్ని కొండమ్మను, గడప లోపల దాన్ని పెట్టేసరికి సరళను. ఒక్క అడుగు పట్టింది.

మా ఆయన సాయంత్రం విని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా అమ్మ నిన్ను చంపేసింది గదే!" నవ్వు ఆగాక తేలిగ్గా అన్నాడు. "పోనీలే, మంచిదే అయింది. నా పేరు మీద పెడదాం. నా ఆధారు, నా సంతకం. వారంలో వస్తాది. ఎవరి పేరయితే ఏంది, ఇల్లొకటే గదా?"

ఇల్లొకటే అన్న మాట వినడానికి ఎంత చక్కగా ఉంటుందో. కాయిళ్ళప్పుడూ ఇల్లొకటే.

మర్నాడు కరెంటాఫీసుకు వెళ్ళాను. ఇంజనీరు రంగనాయకులు మర్యాదగానే విన్నాడు, ఆధారు అటూ ఇటూ తిప్పాడు, నా మొహం చూశాడు. "నువ్వు బతికున్నావని నాకు కనపడుతూనే ఉందమ్మా. కాని ఇదే ఇంటిపేరు, ఇదే పేరుతో ఒకామె పోయిందని మీ ఇంటి పెద్దామె వేలిముద్ర వేసి చెప్పింది. ఇద్దరున్నారని నాకెట్ల తెలుస్తుంది? పోయినవాళ్ళ పేరుతో కనెక్షన్ ఇచ్చినానని రేపు నామీదికి రాదా? ఎవరు పోయిందన్నారో వాళ్ళే బతికుందని చెప్పాలి. రేపు నేనే జాగా దగ్గరికొస్తా, ఆమెను తీసుకురా."

ఆ సాయంత్రం అరుగు మీద అత్త పక్కన కూర్చున్నాను. రేపు ఒక్క మాట చెప్పాలి అత్తా, అన్నాను. ఏ మాటో ఆమెకు తెలుసు.

"అది మాత్రం అడగొద్దు సరళా. ఇరవై తొమ్మిదేండ్లు ఆమె కింద బతికినా. సంగటి గట్టిగా ఉందని తట్ట మొహాన కొట్టింది. బిడ్డ పోయి పచ్చి ఒంటితో ఉంటే చేనికి పంపింది. ఒక్కనాడు పల్లెత్తు మాటనలే. పేరు పలకలే. ఊర్లో అందరూ ఏమంటారు? పుల్లమ్మ లాంటి కోడలు లేదంటారు. అదొక్కటే నేను సంపాదించుకున్నది. ఇప్పుడు పలికితే అంతా బూడిదలో పోసినట్ల గాదా?"

నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. నాకు గొర్రెలమ్మిన డబ్బుంది, జాగా ఉంది. ఈమె నలభై ఏడేళ్ళు కూడబెట్టుకున్నది ఆ ఒక్క మౌనమే. దాన్ని నాకోసం ఖర్చుపెట్టమని ఏ నోటితో అడగను? "సరేలే అత్తా. రా, ఊరికే నిలబడు చాలు," అన్నాను. లోపలికి వెళ్ళి మా ఆయనతో చెప్పాను. "నీ పేరు మీద మాత్రం పెట్టను. మిషన్లు పోతే పోనీ. మళ్ళీ వరసలో నిలబడతా." ఆయన "మొండి" అన్నాడు. పనవుతుందో లేదో తెలియదు, కాని ఏం చేయనో తెలిసిపోయింది.

పొద్దున పది గంటలకు అందరం జాగా దగ్గర ఉన్నాం. ఇంజనీరు స్తంభం నుంచి అడుగులు కొలుచుకుని వచ్చాడు. మల్లి కూలీలను దింపి వస్తూ మమ్మల్ని చూసి ఆటో ఆపింది. ఇంజనీరు ఫైలును ఆ ఆటో సీటు మీదే తెరిచి, పెన్ను తీశాడు.

"అవ్వా, ఈమె ఎవరు?"

"మా కోడలు."

"పేరు?"

"సరళ అంటాం."

పెన్ను ఆగింది. "ఇంట్లో పిలిచేది కాదవ్వా. కాగితంలో పేరు."

"కాగితాలు నాకేం తెలుసు నాయనా. చదువొచ్చునా ఏమన్నానా? నువ్వే చదువు, తలూపుతా."

"నేను చదివితే నేను చెప్పించినట్టవుతుంది. ఒకసారి మీ మాట రాసుకునే ఇంత దూరం వచ్చింది. పేరు నీ నోటితోనే రావాల."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూసింది. ఒక లారీ పోయింది. దుమ్ము అణిగింది. మా ఆయన ఇంజనీరు దగ్గరగా జరిగాడు.

"ఎందుకు సార్ ఈ తతంగమంతా? ముసలామె చెప్పదు. నా పేరు మీద రాసేయండి. జాగా పెండ్లాందే గదా, ఒప్పుకుంటున్నానని సంతకం పెడతాది. నేను ఎట్లాగూ మోటార్ల మనిషినే, కరెంటు సంగతి నాకు తెలుసు."

"అది తేలికే," అన్నాడు ఇంజనీరు. కొత్త కాగితం తీశాడు.

"వద్దు సార్," అన్నాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. మళ్ళీ అన్నాను. "సంతకం పెట్టను. ఈ తూరి పోతే ఇంకో తూరి అడుగుతా. నా పేరు మీదే."

"చూసినారా సార్, మొండితనం!" మా ఆయన నవ్వాడు. "గొర్రెలు అమ్ముకుని రోడ్డున పడతాది గానీ మొగుడి పేరు మాత్రం పనికిరాదు."

"ఒరే అంజిగా."

అత్త గొంతు అది. కొంగు నోటి మీదినుంచి దిగింది.

"ఆ గొర్రెలు ఎవరివిరా?"

"ఏ గొర్రెలు?"

"ఈ జాగా కొన్నవి. ఇప్పుడు ఈ మిషన్లకు అమ్మినవి."

"ఆమెవే. అయితే ఏంది?"

"ఆమె చెవికోత మీద నీ కోత వేస్తావా?"

మా ఆయన మొహంలో నవ్వు ఆరిపోయింది. ఇంజనీరుకు అర్థం కాలేదు, మాకు అయింది. మందలో ఎవరి గొర్రె ఏదో చెవికి పెట్టిన కోతను బట్టే తెలుస్తుంది. ఒక్కో ఇంటికి ఒక్కో కోత. ఆకలేసి గొర్రెను ఎత్తుకుపోయినవాడిని తిట్టి వదిలేస్తారు. ఒకరి కోత చెరిపి తన కోత పెట్టుకున్నవాడి పక్కన మాత్రం మావాళ్ళు కూర్చుని సంగటి తినరు.

"నేనేం దొంగనా అమ్మా? పెండ్లాం సొమ్మే గదా?"

"పెండ్లాం సొమ్మయితే దొంగతనం గాదని నీకు ఎవడు చెప్పినాడురా? మీ నాయనా గొర్రెలు కాసినాడు, మీ తాతా కాసినాడు. ఇంట్లో కోడలి గొర్రెపిల్లనైనా, ఆమెనడగకుండా చెవి ముట్టుకున్నోడు లేడు. నువ్వేమో కాగితం మీద, పెన్నుతో, పెద్దమనిషి లాగా కోస్తుండావు." ఊపిరి తీసుకుంది. "ఆ కోత నీ చేతిలో పెట్టింది నేనేరా. పోయిందని వేలిముద్ర వేసి, మందనంతా నీకు తోలిచ్చినా."

"అవ్వా, నువ్వు కేక," అంది మల్లి ఆటోలోంచి. ఎవరూ నవ్వలేదు.

అత్త కొంగు తీసి తల మీదుగా కప్పుకుంది. చెప్పులు విడిచి పక్కకు జరిపింది. చేతులు అడ్డంగా పెట్టి రెండు చెంపలూ వాయించుకుంది. ఎవరితో మాట్లాడుతోందో మాకు తెలుసు.

"తప్పయిపాయె అత్తా. నిన్ను పిలవడం లే. నువ్వు లేయొద్దు, హాయిగా ఉండు. బతికున్న పిల్ల ఒకతె ఉండాది, దాన్ని పిలుస్తుండా."

పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

"వినపడలేదవ్వా," అన్నాడు ఇంజనీరు, ఈసారి మెల్లగా.

"ఉండు నాయనా. నలభై ఏడేండ్లు నాలిక కింద దాచిన మాట, పిలవంగానే వస్తాదా?"

నా దగ్గరికి వచ్చింది. నా మణికట్టు పట్టుకుంది. రాగి తీగ కోసుకుని కాయలు కాచిన నా వేళ్ళను ఆమె ఎప్పుడైనా ముట్టుకుందో లేదో గుర్తులేదు, ఇప్పుడు గట్టిగా పట్టుకుంది. నన్ను ఒక అడుగు ముందుకు, ఇంజనీరు ఎదురుగా నిలబెట్టింది.

"రాసుకో సారూ," అంది అత్త, రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా. "బతికే ఉండాది. నా కోడలు. కొండమ్మ."